నాయబ్ తల ఎత్తేదాకా

పొద్దున ఆరు కాగానే మా వంటింటి పైకప్పు మీద చప్పుడు మొదలవుతుంది. టక్, టక్. చెక్క మీద మడమతో కొట్టిన చప్పుడు. ఆ వెంటనే లోపలికి నడిచే అడుగులు, కుర్చీ జరిపిన మోత. కాసేపటికి మళ్ళీ టక్, టక్. ఇంకొకరు వచ్చారన్నమాట. అశోక్ నగర్‌లో మా ఇంటి పై హాలును ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం రీడింగ్ రూముగా మార్చి పన్నెండేళ్ళయింది. ఆ గుమ్మంలో ఒక పాత తలుపు చెక్క పరిచి ఉంటుంది. దాని మీద రెండుసార్లు కొట్టి లోపలికి పోవడం ఇక్కడి ఆచారం. ఎందుకు కొడుతున్నారో ఇప్పుడున్న పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

మొన్న భవాని అనే కొత్తమ్మాయి మంచినీళ్ళ కోసం కిందికి వచ్చి, సీసా నింపుకుంటూ అడిగింది. "ఆంటీ, చెక్క మీద రెండుసార్లు కొట్టి పోతే జాబ్ వస్తదంట గద. కుడికాలుతోనా, ఎడమకాలుతోనా?"

నాకు ఒళ్ళు మండింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, "మళ్ళ చెప్తా పో" అని పంపించాను. మాట మింగడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఒక కుక్క నేర్పింది. వాడి పేరు నాయబ్. ఎనిమిదేళ్ళు మాతో ఉండి, రెండేళ్ళ కింద పోయాడు. ఆ ఎనిమిదేళ్ళలో ఒక రోజు నేను వాడికి అన్యాయం చేశాను. వాడు దాన్ని ఆ సాయంత్రానికే మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. ఇప్పుడు ఆ చెక్క మీద కాలు వేసేవాళ్ళు వాణ్ణి ఎన్నడూ చూడనివాళ్ళు. నేను చెప్పకపోతే ఇక చెప్పేవాళ్ళెవరూ లేరు.

ముందుగా నా గొంతు సంగతి చెప్పాలి. మా అత్తగారు బతికున్నప్పుడు, "మా కోడలు ఇంట్ల మాట్లాడితే కవాడిగూడల జవాబు చెప్తరు" అని చుట్టాలందరికీ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. ఏ గదిలో ఉన్నా అక్కడి నుంచే పిలవడం, పలకకపోతే ఇంకో మెట్టు పైకెత్తి పిలవడం నా అలవాటు. అలాంటిదాన్ని మాట్లాడకూడని గది ఒకటి పెడతానంటే మావారు మూడు రోజులు నవ్వారు. అయినా పెట్టాను, గోడకు 'నిశ్శబ్దం' అని బోర్డు కొట్టించాను, గుసగుసలు కూడా బందు చేశాను. మాట్లాడకూడదంటే మనుషులు ఊరుకుంటారా, చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చూపుడు వేలు గాల్లో తిప్పితే ఫ్యాను పెంచమని. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్ళు. అరచేయి కిందికి నొక్కితే కూర్చోమని. నాలుగు వేళ్ళు మడిచి లాగితే ఇటు రమ్మని. గది మూసే వేళకు నేను గుమ్మంలో నిలబడి అరచేతిని బయటివైపు ఊపేదాన్ని. అంటే టైమైంది, ఇక వెళ్ళండి అని.

రూము పెట్టిన రెండో ఏడు వానాకాలంలో స్వప్న ఆ కుక్కను తెచ్చింది. స్వప్నది మెదక్ దగ్గర పల్లెటూరు, గ్రూప్ పరీక్షలు రెండోసారి రాస్తున్న పిల్ల, పొదుపుగా మాట్లాడుతుంది. నారాయణగూడ చౌరస్తాలో ఏదో బండి తగిలి పడి ఉంటే చున్నీలో చుట్టి తెచ్చానంది. తెల్లటి ఒళ్ళు, ఒక కన్ను నలుపు, ఇంకో కన్ను నీళ్ళ రంగు. విరిగిన వెనక కాలికి కట్టు.

"ఆంటీ, జర రెండు దినాలు ఉంచనియ్యుండ్రి. కట్టు కట్టిపిచ్చుకొచ్చిన" అంది.

"కుక్కలకు రూము కిరాయికిచ్చుడు ఇంక సురువు చెయ్యలే నేను" అన్నాను.

అన్నానే గానీ పాత గోనెసంచి నేనే తెచ్చి పరిచాను. రెండు రోజులు రెండు వారాలయ్యాయి, ఆ తర్వాత నేనూ లెక్క అడగలేదు. అప్పట్లో మా రూములో శ్రీశైలం అని ఒకడుండేవాడు. ఐదుసార్లు రాసి ఐదుసార్లూ కొద్దిలో తప్పినవాడు, వెటకారం మాత్రం తప్పేది కాదు. కుక్కకేం పేరు పెడదామని పిల్లలు మెట్ల మీద తర్జనభర్జన పడుతుంటే, "మనకెవ్వరికి రాని పోస్టు దీనికన్న ఇద్దాం. నాయబ్ తాసిల్దార్" అన్నాడు. అలా వాడు నాయబ్, అంటే డిప్యూటీ తాసిల్దారు, అయ్యాడు. కాలు అతుక్కుంది, కొంచెం కుంటు మిగిలింది.

వాడు హాలుకు అలవాటుపడిన తీరు చూసి మేమంతా మురిసిపోయాం. అరచేయి నొక్కితే కూర్చునేవాడు. వేళ్ళు లాగితే వచ్చేవాడు. బొటనవేలు నోటి దగ్గర పెట్టిన పిల్లవాడి వైపు కాకుండా సరాసరి తన నీళ్ళ గిన్నె దగ్గరికి పోయి నిలబడేవాడు. పదిహేను రోజుల్లో మా నిశ్శబ్ద భాష మొత్తం నేర్చేశాడు. అంతకంటే పెద్ద ముచ్చట వాడి ఏకాగ్రత. కింద రోడ్డు మీద పెళ్ళి బ్యాండు పోతున్నా, వినాయకుణ్ణి సాగనంపే లారీల మీద డీజే మోతకు కిటికీ అద్దాలు అదురుతున్నా, పిల్లలు చెవుల్లో దూది కుక్కుకుంటుంటే వీడు కిటికీ కింద కళ్ళు మూసుకుని హాయిగా పడుకునేవాడు.

"చూసిన్రా? అది ధ్యానం. మనకు పక్కోడు పెన్ను కింద పడేస్తే చాలు, చదివింది మొత్తం పోతది" అని శ్రీశైలం మెట్ల మీద ఉపన్యాసమిచ్చేవాడు. కొత్తగా చేరినవాళ్ళకు వాణ్ణి చూపించి, నాయబ్‌కున్నంత గురి మీకుంటే ఉద్యోగం ఇంటికొస్తుందని నేనూ చెప్పేదాన్ని. పరీక్షకు పోయేముందు వాడి తల నిమిరి పోవడం, వచ్చాక ఉస్మానియా బిస్కట్ పెట్టడం మామూలైంది. చదువుకున్న పిల్లలు నలభై మంది, వాళ్ళ మీద నేను. ఒక్కరికంటే ఒక్కరికీ అనుమానం రాలేదు.

పై హాలులో అంత బుద్ధిమంతుడు కిందికి వస్తే మాత్రం నన్ను లెక్కచేసేవాడు కాదు. నేను వంటింట్లోంచి పిలిస్తే రాడు. వెనక నుంచి పిలిస్తే తల కూడా తిప్పడు. పది పిలుపులు పిలిచి, గిన్నె పట్టుకుని నేనే ఎదురుగా పోతే, అప్పుడే చూసినవాడిలా తోక ఊపేవాడు. నాకది నటనలా కనిపించేది. పెట్టే చేయి నాది, మర్యాద పై అంతస్తు వాళ్ళకా అని రోజురోజుకూ ఉడుక్కునేదాన్ని. "మీరు గట్టిగ ఒర్రుతరని భయపడ్తున్నడేమో ఆంటీ" అని స్వప్న ఒకసారి మెల్లగా అంది. ఆ మాటకు నాకు ఇంకా మండింది.

ఒకరోజు మధ్యాహ్నం మావారు ముషీరాబాద్‌లోని మా పెయింట్ల దుకాణం నుంచి భోజనానికి స్కూటర్ మీద వచ్చారు. నాయబ్ గేటులో అడ్డంగా, వీధికి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. ఆయన హారన్ కొట్టారు. నేను వరండాలోంచి అరిచాను. వాడు చెవి కూడా కదపలేదు. లోపలికి మలిపిన బండిని చివరి నిమిషంలో పక్కకు తిప్పి, గోడకు తగిలి ఆయన పడిపోయారు. మణికట్టు చూస్తుండగానే వాచింది. ఆయన్ను లేపి కూర్చోబెట్టి నేను వాడి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. అన్నాళ్ళ కోపం ఒక్కసారి వచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు నా ముఖం వైపు చూస్తూ తోక ఊపాడు. అప్పుడు నేను చేయెత్తి, అరచేతిని బయటివైపు ఊపాను.

వాడు నా చేతిని చూశాడు. మళ్ళీ ముఖం చూశాడు. లేచి, కుంటుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. నేను గేటు మూసి గొళ్ళెం పెట్టాను. అరిచి అరిచి అలిసిపోయినా కదలనివాడు ఉత్త చేతికి ఎందుకు కదిలాడని నాకు ఆ క్షణంలో తట్టలేదు. పంతం నెగ్గిందనుకున్నాను.

లోపల మావారి చేతికి ఐసు పెడుతుంటే ఆయన, "కుక్కనెందుకు తిడ్తున్నవ్, నా హారనే ముసల్దైంది, సరిగ మోగుతలేదు" అన్నారు. ఆయన పద్ధతే అంత, తప్పు ఎవరిదైనా ముందు తన మీద వేసుకుంటారు. నాలుగింటికి స్వప్న క్లాసు నుంచి వచ్చింది.

"ఆంటీ, నాయబ్ ఏడి?"

"ఎల్లగొట్టిన. ఒక్క మాట ఇంటలేడు వాడు."

స్వప్న పుస్తకాల సంచి మెట్ల మీద పెట్టి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటికి నడిచింది. పది నిమిషాలు నేను వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. వాడి అన్నం గిన్నె మూత తీసి చూశాను, ఉదయం పెట్టింది సగం అలాగే ఉంది. ఇక నా వల్ల కాలేదు. కొంగు బిగించుకుని నేనూ బయల్దేరాను.

టీ కొట్ల దగ్గర, పాత పుస్తకాల దుకాణాల ముందు, హాస్టళ్ళ సందుల్లో వెతికాం. తెల్ల కుక్కను చూశామని ఒకరంటే, చూడలేదని ఇద్దరన్నారు. చిక్కడపల్లి కూరగాయల బండ్ల దాకా వచ్చేసరికి సాయంత్రం రద్దీ మొదలైంది. అక్కడ అరటిపండ్ల బండి పక్కన, మాకు వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. వాడి వెనక పదడుగుల దూరంలో నిలబడి, దేవుడు నాకిచ్చిన గొంతునంతా పెట్టి "నాయబ్" అని పిలిచాను.

బజారంతా తిరిగి చూసింది. అరటిపండ్లాయన త్రాసు పట్టుకున్న చేయి అలాగే ఆగింది. వంకాయలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు తలలెత్తారు. మేడ మీది బాల్కనీలోంచి ఒక ముసలమ్మ వంగి చూసింది. నేను పిలిచిన పేరు ఎవరిదో వాడొక్కడే తిరగలేదు. మళ్ళీ పిలిచాను. అదే సమయానికి వాడి పక్కనుంచే సిటీ బస్సు పెద్దగా హారన్ కొడుతూ పోయింది. నేను వాడి చెవులే చూస్తున్నాను. అవి కదలలేదు.

స్వప్న బండాయన దగ్గర ఒక తూకం రాయి అడిగి తీసుకుంది. వాడి తల వెనకగా పోయి ఇనుప త్రాసు పళ్ళెం మీద టంగుమని కొట్టింది. వాడు రోడ్డు వైపే చూస్తున్నాడు. స్వప్న రాయి తిరిగి ఇచ్చేసి నా పక్కకు వచ్చి నిలబడింది.

"ఆంటీ, వీనికి ఏం వినిపిస్తలేదు" అంది.

నేను చుట్టూ తిరిగి వాడి ఎదురుగా వెళ్ళాను. వాడు నన్ను చూశాడు. లేచి నిలబడ్డాడు కానీ రాలేదు. వాడి చూపు నా ముఖం మీద లేదు, నా కుడిచేతి మీద ఉంది. పొమ్మన్న చేయి అది, ఇప్పుడేమంటుందో అని చూస్తున్నాడు. నేను నాలుగు వేళ్ళు మడిచి లాగాను. వాడు ఆ కుంటికాలుతోనే పరిగెత్తుకొచ్చి నా మోకాళ్ళ మధ్య తల దూర్చాడు. అంత తొందరగా నన్ను ఎవరూ క్షమించలేదు, అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ. అక్కడే, కూరగాయల తొక్కల మధ్య కూలబడి ఏడ్చాను. ఏడుపు కూడా నాకు మెల్లగా రాదు కాబట్టి బజారు ఇంకోసారి తిరిగి చూసింది.

మర్నాడు నారాయణగూడలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన రకరకాలుగా చప్పుడు చేసి చూసి, "పుట్టు చెవుడమ్మా" అన్నాడు. "ఇట్ల తెల్లగ, కన్ను గింత లేత రంగుల ఉన్నయాటికి ఒక్కోసారి ఉంటది. మీ పిల్లలు పొద్దుందాక సైగలు చేసిన్రు గాబట్టి మీకెవ్వరికి తెల్వలే. ఒక్కటి యాది పెట్టుకోండ్రి. పండుకున్నప్పుడు ఎనక నుంచి ముట్టొద్దు, ఉలిక్కిపడ్తడు. నేల మీద తట్టి, తల లేపినంక దగ్గరికి పోండ్రి."

ఈ సంగతి హాలులో చెప్పడానికి మొదటిసారి నా బోర్డును నేనే ధిక్కరించి నోరు విప్పాను. నలభై మంది మొహాలు చూడాల్సింది. ఇన్నాళ్ళు ఎవరి ఏకాగ్రతకు దండం పెట్టారో ఆయనకు ఏమీ వినబడదని తెలిసి, నవ్వాలో ఏడవాలో తెలియక కిటికీ కింద పడుకున్న నాయబ్ వైపు చూశారు. చివరికి శ్రీశైలమే గొంతు సవరించుకున్నాడు. "పోనీ తియ్యుండ్రి ఆంటీ. వాన్ని చూసి మూడు పుస్తకాలు చదివిన. చెవుడని తెలిసిందని చదివింది వాపస్ పోతదా?"

అందరూ నవ్వారు. ఆ ఆదివారమే శ్రీశైలం, స్వప్న కలిసి మా స్టోర్ రూములోంచి పాత తలుపు చెక్క ఒకటి మోసుకుపోయి గుమ్మంలో పరిచారు. ఒక కొస గడప దగ్గర, ఇంకో కొస గది లోపల నాయబ్ గోనెసంచి కింద. ఈ కొసన మడమతో కొడితే ఆ కొసన పడుకున్నవాడికి ఒంటికి తెలుస్తుంది. తలుపు మీద శ్రీశైలం కాగితం రాసి అంటించాడు: 'రెండుసార్లు కొట్టండి. నాయబ్ తల ఎత్తేదాకా ఆగండి. తర్వాత లోపలికి రండి.' చేతిలో టీ గ్లాసు ఉన్నా, క్లాసు నోట్సు కోసం ఉరుకుతున్నా, ప్రతి ఒక్కరూ ఆ గుమ్మంలో ఒక క్షణం ఆగేవాళ్ళు. వాడు తల ఎత్తి, వచ్చిందెవరో చూసి, మళ్ళీ తల వాల్చేవాడు. అది అనుమతి.

ఆ ఆగడం నాకు పై హాలులోనే మొదలైంది కానీ మెల్లగా కిందికి కూడా దిగింది. ఇంకో గదిలోంచి కేకలు వేయడం తగ్గింది. మావారితో పని ఉంటే ఆయన కూర్చున్న చోటికి పోయి, ఎదురుగా నిలబడి, ఆయన తల ఎత్తాక చెప్పడం అలవాటైంది. మొదటి వారం ఆయన, "ఏందే, ఒంట్లె బాగలేదా?" అని నుదురు ముట్టి చూశారు. నలభై ఏళ్ళు దాటాక తెలిసింది, నేను ఇన్నాళ్ళూ మనుషుల వీపులతో మాట్లాడానని.

స్వప్నకు రెండోసారి కూడా ఫలితం రాలేదు. ఆ పొద్దు ఆ పిల్ల మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుంది. పాత నేనైతే కింద నుంచే, "ఏం గాదు, మళ్ళ రాస్తవు గని కిందికి దిగి బువ్వ తిను" అని వీధంతా వినేలా ఓదార్చేదాన్ని. ఈసారి పైకి వెళ్ళాను. నాయబ్ అప్పటికే ఆ పిల్ల కాళ్ళ మీద గడ్డం ఆనించి ఉన్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఆగాను. చాలాసేపటికి తల ఎత్తింది.

"అమ్మకు ఫోన్ చెయ్యాలె ఆంటీ. ఏమని చెప్పాలె?"

"నేనుంట ఇక్కడనే. నువ్వు చెయ్యి" అన్నాను.

అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఆ పిల్ల ఫోన్ చేసింది, ఏడ్చింది, మర్నాడు మళ్ళీ వచ్చి చెక్క మీద కొట్టింది. మూడో ఏడు సిద్దిపేటలో జూనియర్ అసిస్టెంటు అయింది. శ్రీశైలం వాళ్ళ ఊరి బడిలో టీచరై, పోతూ పోతూ నాయబ్‌కు సెల్యూట్ కొట్టి పోయాడు. పిల్లలు మారుతూ వచ్చారు. వాడు మాత్రం ఆ కొసనే ఉన్నాడు.

చివరి వేసవిలో వాడి మూత్రపిండాలు చెడిపోయాయి. డాక్టరు చేయగలిగింది చేసి, ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నాడు. స్వప్న సెలవు పెట్టి వచ్చింది. ఆ మధ్యాహ్నం హాలు నిండా పిల్లలున్నారు, ఎవరూ పేజీ తిప్పడం లేదు. వాడి కళ్ళకు చూపు మందగించింది, నా చేయి కూడా కనబడుతున్నట్టు లేదు. ఎనిమిదేళ్ళు వాడితో నేను మాట్లాడినవన్నీ ఆ చేతితోనే. ఇప్పుడు ఎట్లా చెప్పాలో తెలియలేదు. చెక్క మీద వాడి పక్కనే పడుకుని, అరచేత్తో రెండుసార్లు తట్టాను. వాడు తల ఎత్తలేకపోయాడు. కనురెప్ప ఎత్తాడు, తోక కొస ఒకసారి చెక్కను తాకింది. కొంతసేపటికి మళ్ళీ తట్టాను. స్వప్న నా చేతి మీద చేయి వేసి ఆపింది.

పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన వాణ్ణి పూడ్చిపెట్టాం. మరుసటి ఏడు సున్నాలు వేయించినప్పుడు తలుపు మీది కాగితం పోయింది. చెక్క తీసేద్దామా అని మావారు అడిగితే వద్దన్నాను. కొట్టే అలవాటు ఒకరి నుంచి ఒకరికి వచ్చింది. ఆగడం రాలేదు. ఎవరి కోసం ఆగాలో తెలియదు కదా, కొట్టగానే లోపలికి పోతున్నారు. పొద్దున్నే కింద చాయ్ పెడుతూ వింటున్నప్పుడు నాకు గుచ్చుకునేది అదే.

నిన్న సాయంత్రం భవానిని వంటింట్లో కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. గేటు మూసిన సంగతి కూడా దాచలేదు. ఆ పిల్ల చాయ్ చల్లారిపోయేదాకా విన్నది. "అయితే జాబ్ రాదా ఆంటీ?" అని మాత్రం అడగలేదు. "ఏ మూలకు పండుకునేటోడు?" అని అడిగింది. చెప్పాను.

ఈ పొద్దు ఆరింటికి పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డాను. మెట్ల మీద ఎవరో ఎక్కారు. టక్, టక్. నేను అడుగుల చప్పుడు కోసం చూశాను. రాలేదు. పాలు పొంగుకొస్తున్నా నా చేయి గరిటె మీదికి పోలేదు. పైన ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది, కింద నేను. ఒక తల ఎత్తడానికి పట్టేంతసేపు. ఆ తర్వాత మెల్లగా, లోపలికి నడిచిన అడుగులు వినిపించాయి.